మావాడికి ‘చాలు’ నేర్పిన పది నెలలు

మా కుక్క భీమ్‌కి అప్పుడు ఎనిమిది నెలలు, బరువు 28 కిలోలు. సాయంత్రం గ్రౌండులో ఐదారు కుక్కలు ఆడుకుంటుంటే మావాడు వాటి మధ్యలోకి దూసుకెళ్లి, ఒక చిన్న గోధుమరంగు ఆడకుక్కని భుజంతో గుద్ది పడేశాడు. అది లేవబోయింది. మళ్లీ పడేశాడు. మూడోసారి మెడ మీద నోరు పెట్టి, రెండు ముందుకాళ్లతో నొక్కిపట్టి అలాగే నిలబడిపోయాడు. కింద ఉన్నది కుయ్యోమని అరిచింది. అప్పటిదాకా ‘ఆడుకుంటున్నాయిలే’ అనుకుని నేను నవ్వుతూ చూస్తున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

దాని యజమానురాలు పరుగున వచ్చి తన కుక్కని ఎత్తుకుంది. గాయమేమీ కాలేదు. మెడ దగ్గర బొచ్చంతా మావాడి చొంగతో తడిసి అట్టకట్టింది. ఒళ్లంతా సన్నగా వణుకుతోంది. తల ఆవిడ చంకలో దాచుకుంది. నేను క్షమాపణ చెబుతుంటే ఆవిడ గట్టిగా ఏమీ అనలేదు. ‘‘మీవాడిది ఆట కాదండీ, పెత్తనం. వాడు వచ్చే టైముకి ఇక మేం రాం’’ అని వెళ్లిపోయింది.

ఆ తర్వాత పది నెలలు నేను చేసినవి, చేయకూడకపోయినా చేసినవి, వాటితో వచ్చిన మార్పు ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి కుర్రకుక్కని పెంచుతూ, గ్రౌండులో పదిమంది చూపులకి తలదించుకుంటున్నవాళ్లకి ఉపయోగపడితే చాలు.

ముందు వాడి గురించి కొంచెం చెప్పాలి. భీమ్‌ని ఇచ్చినవాళ్లు ఎనిమిది వారాల పిల్ల అన్నారు. పశువుల డాక్టరు నోరు తెరిచి చూసి, పాలపళ్లు ఇంకా అన్నీ రాలేదని, ఐదు వారాలకి మించి ఉండదని చెప్పారు. అప్పుడు ఆ మాట నాకు పెద్ద విషయంగా అనిపించలేదు. ఒకే ఈత పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ ఆడుకునేది ముఖ్యంగా ఐదో వారం నుంచి ఎనిమిదో వారం మధ్యలో. ఒకటి గట్టిగా కొరికితే రెండోది అరిచి ఆట మానేస్తుంది. ‘ఇంత గట్టిగా పడితే ఆట పోతుంది’ అని పిల్లకి తెలిసేది అక్కడే. భీమ్‌కి ఆ బడి దొరకలేదు. దానికితోడు టీకాలు పూర్తయ్యేదాకా బయటికి తీసుకెళ్లడానికి భయపడ్డాను. శుభ్రంగా ఉండే ఇంట్లో, టీకాలు వేయించుకున్న నెమ్మదైన పెద్దకుక్కల దగ్గర కూర్చోబెట్టినా బాగుండేదని ఆలస్యంగా తెలిసింది.

నాలుగైదు నెలల దాకా ఇబ్బందేమీ కనబడలేదు. కూనలు ఎంత మీదపడ్డా పెద్దకుక్కలు చాలావరకు సహిస్తాయి. ఆరో నెల దాటాక ఆ సహనం తగ్గుతుంది. మావాడికేమో సరిగ్గా అప్పుడే ఒంట్లో బలం పెరిగింది, పిలిస్తే వినడం తగ్గింది. రెండూ ఒకేసారి జరిగాయి.

ఆవిడ అన్న ‘పెత్తనం’ అనే మాట నా బుర్రలో ఉండిపోయింది. గ్రౌండుకి వచ్చే ఒకాయన కూడా అదే అన్నారు. ‘‘చూడమ్మా, వాడు నిన్ను కూడా లెక్కచేయడం లేదు. వాడిని వెల్లకిలా తిప్పి, మెడ దగ్గర పట్టుకుని, కదలడం మానేదాకా నొక్కిపట్టు. ఎవరు పెద్దో తెలుస్తుంది’’ అని చేసి చూపించబోయారు. మంచి మనసుతోనే చెప్పారు. నేను ఇంటికొచ్చి చేశాను. మొదటిసారి భీమ్ గింజుకున్నాడు. రెండోసారి కొంచెం మూత్రం పోసుకున్నాడు. మూడోసారి నా చెయ్యి ఇంకా తగలకముందే పైపెదవి లేపి పళ్లు చూపించాడు. అంతకుముందు వాడు నా మీద ఒక్కసారైనా గుర్రుమనలేదు. ఆ రాత్రి నేను అన్నం గిన్నె పెట్టి వెనక్కి తప్పుకునేదాకా వాడు దగ్గరికి రాలేదు. వంటింటి గడప దగ్గర నిలబడి నా చేతులకేసే చూశాడు.

ఆ చూపు భరించలేక చదవడం మొదలుపెట్టాను. గుంపులో ఒకటి మిగతావాటిని అణచి పెద్దగా ఉంటుందనే ఈ ‘ఆల్ఫా’ ఆలోచనకి మూలం తోడేళ్ల మీద జరిగిన పాత పరిశీలనలు. ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లని ఒకే ఆవరణలో ఉంచి, అవి కొట్టుకోవడం చూసి 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు రాసిన విషయాలు అవి. 1970లో తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ రాసిన పుస్తకంతో ఆ మాట జనంలోకి బాగా వెళ్లింది. తర్వాత అదే మెక్ కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో ఏళ్ల తరబడి వేసవుల్లో అడవి తోడేళ్లని దగ్గరగా చూశారు. అక్కడ గుంపు అంటే చాలావరకు అమ్మ, నాన్న, వాళ్ల పిల్లలు. పెద్దరికం కోసం రోజూ కుస్తీలేం లేవు. 1999లో ఆయన ఆ సంగతి రాసి, ‘ఆల్ఫా’ అనే మాట అడవి గుంపులకి సరిపోదన్నారు. తన పాత మాటని తానే దిద్దుకున్న ఆయన మీద నాకు గౌరవం కలిగింది. ఇంకో లెక్క నన్ను గట్టిగా తాకింది. ప్రవర్తన సమస్యలతో కుక్కల్ని చూపించడానికి వచ్చిన యజమానుల్ని అడిగి అమెరికాలో చేసిన సర్వే ఒకటి 2009లో అచ్చయింది. కుక్కని అలా వెల్లకిలా నొక్కిపట్టామన్నవాళ్లలో సుమారు 31 శాతం మంది, అది తమ మీద ఎదురుతిరిగిందని చెప్పారు. మా ఇంట్లో మూడోసారి జరిగింది అదే. ఆ పని ఆ రోజుతో మానేశాను.

తర్వాత ఒక కుక్కల ప్రవర్తన నిపుణురాలి దగ్గరికి వెళ్లాను. ఆవిడ ముందు అడిగింది డాక్టరు రిపోర్టు. కీళ్ల నొప్పో చెవి నొప్పో ఉన్న కుక్క కూడా ఇలా చిరాగ్గా మీదపడుతుందట. పరీక్ష చేయించాను. అంతా బాగానే ఉంది. అప్పుడు ఫోన్‌లో ఉన్న పాత వీడియోలు చూపించమన్నారు. ‘‘సౌండ్ తీసేయండి, స్పీడు తగ్గించండి. మీవాణ్ని చూడకండమ్మా, ఎదుటి కుక్కని చూడండి.’’

ఆ ఒక్క మాటతో నా చూపు మారింది. ఇన్నాళ్లూ నేను ముద్దుగా దాచుకున్న ఒక నిమిషం వీడియో అది. భీమ్ ఒక నల్లకుక్కని తరుముతూ ఉంటాడు. ఈసారి నల్లకుక్కనే చూశాను. పరుగు మధ్యలో రెండుసార్లు తల పక్కకి తిప్పుకుంది. ఆగిన ప్రతిసారీ నాలుకతో మూతి తడుపుకుంది. తోక కిందికి దిగి ఉంది. బల్ల కిందికి దూరింది. భీమ్ బల్ల చుట్టూ తిరిగి దాన్ని మళ్లీ బయటికి రప్పించాడు. చివర్లో అది తన యజమాని కాళ్ల వెనక్కి చేరింది. ఆయనా నవ్వుతున్నాడు, వీడియో తీస్తూ నేనూ నవ్వుతున్నాను. నా నవ్వు రికార్డయి ఉంది.

ఇక భీమ్. మొదటి పది సెకన్లు వాడి నోరు వదులుగా తెరిచి ఉంది, ఒళ్లు వంపులు తిరుగుతోంది. తర్వాత నోరు మూతపడింది, ఒళ్లు బిగిసింది, పరుగు తిన్నగా మారింది. అవతలి కుక్క భుజాల మీద గడ్డం ఆనించి అడ్డంగా నిలబడ్డాడు. ఆవిడ చెప్పింది నాకు బాగా అర్థమైంది: పెత్తనం అనేది రెండు కుక్కల మధ్య, ఏదో ఒక వస్తువు దగ్గరో చోటు దగ్గరో ఏర్పడే సంబంధం. ఒక కుక్కకి పుట్టుకతో వచ్చే గుణం కాదు. ‘‘మీవాడు ఎవరినీ ఏలాలనుకోవడం లేదు. ఉత్సాహం ఒక గీత దాటాక ఆపుకోలేకపోతున్నాడు. అవతలివాళ్లు ‘వద్దు’ అంటుంటే వాడికి వినపడటం లేదు.’’

మంచి ఆట ఎలా ఉంటుందో కూడా చూపించారు. బలమైన కుక్క తనంతట తానే కాసేపు కిందపడుతుంది, తరిమినది తరిమించుకుంటుంది, మధ్యమధ్యలో రెండూ ఆగి ఒళ్లు విదిలించుకుంటాయి. గుర్రుమనడం, మెడలు పట్టుకోవడం అన్నీ ఉన్నా అది మంచి ఆటే. వంతులు సరిసమానంగా ఉండక్కర్లేదు, రెండిటికీ ఇష్టముంటే చాలు. ఆ ఇష్టం తెలుసుకునే పద్ధతి చాలా తేలిక. గట్టిగా ఆడుతున్న కుక్కని పట్టుకుని రెండోదాన్ని వదిలేయాలి. అది తిరిగి దగ్గరికొచ్చి ఆటకి పిలిస్తే సరే. దులుపుకుని వెళ్లిపోతే ఆట అయిపోయినట్టే. ఈ ఒక్క పరీక్ష నాకు ముందే తెలిసి ఉంటే ఆ గోధుమరంగు కుక్కకి అంత భయం పట్టేది కాదు.

మొదటి మూడు వారాలు ఏ కుక్కతోనూ ఆట లేదు. కష్టమనిపించింది కానీ, మొరటుగా ఆడిన ప్రతిసారీ వాడికి ఆ మొరటుతనమే అలవాటవుతుందని అర్థమై ఒప్పుకున్నాను. ఆ మూడు వారాల్లో రెండు పనులు చేశాం.

ఒకటి నిద్ర. వాడికి ఎనర్జీ ఎక్కువని రోజూ గంటన్నర బంతి విసిరేదాన్ని. అలిసిపోతాడనుకున్నాను. నిజానికి వాడు ఇంకా రెచ్చిపోయి ఇంటికొచ్చేవాడు. రాసిపెట్టి చూస్తే రోజుకి పదకొండు గంటలే పడుకుంటున్నాడు. ఆ వయసు కుక్కకి అది తక్కువ. బంతి మానేసి, పొడవాటి తాడుతో వాసనలు చూసుకుంటూ నెమ్మదిగా నడవనిచ్చాను. మధ్యాహ్నం ఒక గదిలో కర్టెన్ వేసి పడుకోబెట్టాను. పది రోజులకి నిద్ర పదిహేను గంటలకి చేరింది. సాయంత్రాలు ఇంట్లో పిచ్చెక్కినట్టు తిరగడం దాదాపు ఆగిపోయింది.

రెండోది ‘చాలు’ అనే మాట. ఇక్కడ నేను కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే నిలబడింది. అంతకుముందు నేను వాణ్ని పిలిచేది ఇంటికి తీసుకెళ్లడానికే. పిలిచిందంటే మెడకి బెల్టు తగిలిస్తుంది, ఆట పోతుంది. అలాంటప్పుడు వాడెందుకు వస్తాడు? అందుకని ‘చాలు’ అంటే ఆగడం, నా దగ్గరికి వచ్చి ఏదో ఒకటి తినడం, ఆ తర్వాత మళ్లీ ఆట అని నేర్పాలి. మొదట ఇంట్లో, ఏ పనీ లేనప్పుడు ‘చాలు’ అనడం, వెంటనే ముక్కు దగ్గర ట్రీట్ పెట్టడం. రోజుకి ఇరవై సార్లు. నాలుగు రోజులకి మాట వినగానే తల తిప్పుతున్నాడు. తర్వాత గుడ్డ లాగుడు ఆటలో పెట్టాను. లాగుతూ లాగుతూ ‘చాలు’ అని నా చెయ్యి కదలకుండా ఆపేస్తాను. వాడు గుడ్డ వదిలితే ఒక ముక్క. వెంటనే ‘ఊఁ, ఆడు!’ అని మళ్లీ లాగుడు. వదిలితేనే ఆట మళ్లీ వస్తుందని వాడికి తెలిసిన రోజు నాకు బాగా గుర్తుంది. గుడ్డ వదిలేసి, తోక ఊపుతూ, ‘ఊఁ’ ఎప్పుడంటానా అని నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత అదే మాట బయట, వేరే కుక్కలు దూరంగా కనబడేచోట. ఎనిమిది మీటర్ల పొడవున్న, వెడల్పాటి పట్టీ తాడు కొన్నాను. అది ఛాతీ చుట్టూ తొడిగే హార్నెస్‌కే తగిలించాలి, మెడపట్టీకి కాదు. పరుగులో ఒక్కసారిగా ఆగితే మెడకి దెబ్బ. చేతికి చుట్టుకోకూడదు కూడా. ఒకరోజు మర్చిపోయి చుట్టుకున్నాను, వాడు ఉడత వెనక పరిగెత్తాడు, అరచెయ్యి ఒరుసుకుపోయి వారం రోజులు మండింది. ఆ రోజు నుంచి చేతికి తొడుగు లేకుండా పట్టుకోలేదు.

నాలుగో వారం ఒక పెద్దాయన సాయం దొరికింది. ఆయన దగ్గర జూలీ అని ఏడేళ్ల ఆడకుక్క ఉంది. ఇంచుమించు భీమ్ అంతే ఉంటుంది, చాలా నెమ్మది. మొదటి నాలుగు రోజులు ఆటే లేదు. పది మీటర్ల ఎడంలో ఇద్దరం ఒకే దిక్కుకి నడిచాం. జూలీని చూసి గుంజకుండా వాడు నేల వాసన చూస్తే రెండడుగులు దగ్గరికి జరిగేవాళ్లం. ఐదో రోజు గోడలున్న చిన్న ఆవరణలో వదిలాం. బంతులు, తిండి ఏమీ లేకుండా చూసుకున్నాం. మావాడి హార్నెస్‌కి ఒకటిన్నర మీటరు తాడు ముక్క ఉంచాను, అవసరమైతే అడుగేసి ఆపడానికి. చివరి ఉచ్చు కత్తిరించేశాను. అది కాలికో కొమ్మకో తగులుకుంటే ప్రమాదం.

నలభై సెకన్లకి వాడు పాత పద్ధతిలో జూలీ భుజం మీద గడ్డం పెట్టాడు. జూలీ గిర్రున తిరిగి, పెదవి లేపి, ఒక్క గుర్రు గుర్రుమంది. మీదికి రాలేదు, పన్ను తగల్లేదు. నా గుండె ఆగినంత పనైంది. ముందుకు పరిగెత్తబోయాను. ‘‘ఆగమ్మా. అది చెప్పాల్సింది చెప్పింది. వాడేం చేస్తాడో చూడు’’ అన్నారాయన. భీమ్ రెండడుగులు వెనక్కి వేశాడు. చెవులు వెనక్కి పోయాయి. ఒళ్లు విదిలించుకున్నాడు. నేల వాసన చూశాడు. తర్వాత, వాడి జీవితంలో నేను మొదటిసారి చూసినట్టున్నాను, ముందు మోచేతులు నేలకి ఆనించి, వెనకభాగం పైకెత్తి, తోక వదులుగా ఊపుతూ జూలీని ఆటకి పిలిచాడు. వంగి అడగడం వాడికి తెలుసు. అడగాల్సిన అవసరం ఉందని మాత్రం అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. జూలీ ఒక్క క్షణం చూసి చిన్న గెంతు గెంతింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

గుర్రుమన్న కుక్కని తిట్టకూడదని ఆ రోజే అర్థమైంది. ఆ గుర్రు ఒక హెచ్చరిక. దాన్ని నోరు మూయిస్తే తర్వాతిసారి హెచ్చరిక లేకుండానే పన్ను దిగొచ్చు. అలాగని తప్పు దిద్దే పని పెద్దకుక్కల మీద వదిలేయడం కూడా న్యాయం కాదు. జూలీ రెండుసార్లు చెప్పిందంటే మూడోసారి నేనే మధ్యలోకి వెళ్లేదాన్ని.

వారానికి మూడు రోజులు, రోజుకి పది నిమిషాలు. ముప్పై నలభై సెకన్లకోసారి ‘చాలు’, ఒక ముక్క, రెండు మూడు ఊపిర్లు, ‘ఊఁ, ఆడు’. పిలిచినా రాకపోతే తాడు పట్టుకుని పక్కకి తీసుకెళ్లి నిమిషం లోపు నిలబడేదాన్ని. అరవడం, గుంజడం లేదు. ఊపిరి నిమ్మళించగానే మళ్లీ వదిలేదాన్ని. రెండుసార్లు అలా పక్కకి తీసుకెళ్లాల్సి వస్తే ఆ రోజుకి ఇంటికి. నెల తిరిగేసరికి పిలవకముందే వాడే ఆట మధ్యలో నా వైపు చూడటం మొదలుపెట్టాడు. చూసిన ప్రతిసారీ మెచ్చుకుని ఏదో ఒకటి పెట్టాను. అంత విలువైన చూపు ఇంకోటి లేదు.

మూడో నెలలో పెద్ద దెబ్బ తగిలింది. బాగా మారాడన్న నమ్మకంతో ఆదివారం గ్రౌండుకి తీసుకెళ్లి వదిలాను. ఆరు కుక్కలు ఒకదాన్ని తరుముతున్నాయి. భీమ్ కలిశాడు. నేను ‘చాలు’ అన్నాను, వినలేదు. ముందున్న కుక్కని పక్కనుంచి గుద్ది దొర్లించాడు, అది తిరిగి కరవబోయింది, వీడూ ఎదురెళ్లాడు. దాని యజమాని చేత్తో విడదీయబోతే నేను వద్దని అరిచాను. నోళ్ల మధ్యలో చెయ్యి పెడితే కుక్కకి అది ఎవరి చెయ్యో తెలియదు. పెద్ద చప్పుడు చేయడంతో ఒక్క క్షణం విడిపోయాయి, తాడు పట్టుకుని లాగేశాను. ఇద్దరికీ గాయాల్లేవు. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. మూడు నెలల పని పోయిందనుకున్నాను.

పోలేదు. నిపుణురాలు అడిగితే జరిగింది వరసగా చెప్పాను. తప్పు ఎక్కడుందో చెబుతుంటే నాకే తెలిసింది. ఒక కుక్కతో నేర్చుకున్నది ఆరు కుక్కల మధ్య పనికొస్తుందనుకున్నాను. గుంపు తరమడం వాడికి అన్నిటికన్నా కష్టమైన పరీక్ష. పైగా నేను పిలిచింది వాడి నోరు మూతపడి, వీపు మీద బొచ్చు లేచాక. అప్పటికి ఆ చెవులకి ఏ మాటా ఎక్కదు. పిలవాల్సింది దానికి ఐదు సెకన్ల ముందు, ఒంట్లో వంపు పోయి పరుగు తిన్నగా మారినప్పుడు. ఆ వారం జూలీతో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం. పదిరోజుల్లోనే పాత స్థాయికి వచ్చాడు.

వేరే కుక్కల మీదెక్కడం గురించి చాలామంది అడుగుతారు. భీమ్ కూడా ఎక్కేవాడు. అదీ పెత్తనమే అనేవాళ్లు. మావాడి విషయంలో అది ఎప్పుడూ ఉత్సాహం పొంగిపోయినప్పుడే వచ్చేది. విరామాలు పెరిగాక దానంతటదే తగ్గింది. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ పద్నాలుగో నెలలో చేయించాం, పెద్దజాతి కాబట్టి కీళ్లు ఎదిగేదాకా ఆగమని డాక్టరే చెప్పారు. ఆట తీరు దానితో మారుతుందని ఆశపెట్టుకోవద్దని కూడా ముందే చెప్పారు. నేను చూసినంతలో ఆయన మాట నిజమే.

ఇప్పుడు భీమ్‌కి ఏడాదిన్నర. జూలీతోపాటు ఇంకో రెండు కుక్కలతో ఆడతాడు, ఒక్కోసారి ఒక్కదానితోనే. మూడూ వాడంత గట్టివే. గుంపుగా ఉన్న గ్రౌండుకి తీసుకెళ్లడం లేదు, తీసుకెళ్లాలని కూడా లేదు. చిన్నకుక్కల దగ్గర, కూనల దగ్గర వదలను. వాడికి ఉన్న ముగ్గురు స్నేహితులు సరిపోతారు.

ఆ గోధుమరంగు కుక్క యజమానురాలు నెల క్రితం ఎదురుపడింది. ఆవిడ ఆగకముందే నేను పక్కకి తప్పుకుని, భీమ్‌ని నా పక్కన కూర్చోబెట్టాను. మర్నాడూ అదే జరిగింది. మూడో రోజు నుంచి పదిహేను మీటర్ల ఎడంలో, ఒకే దిక్కుకి నడుస్తున్నాం. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. పోయిన వారం ఆ చిన్నది తనంతట తానే ఆగి మావైపు చూసింది. తాడు పొడవంతా సాగదీసుకుంటూ వచ్చి భీమ్ తోక దగ్గర వాసన చూసింది. భీమ్ కదల్లేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి మెల్లగా ‘చాలు’ అన్నాను. వాడు తల తిప్పి నా దగ్గరికి వచ్చాడు. చిన్నది ఒళ్లు విదిలించుకుని ఆవిడ కాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఈసారి వాటి వెనక దాక్కోలేదు, ముందే నిలబడింది.

‘‘రేపు కూడా ఇంతే దూరంలో నడుద్దామండీ’’ అంది ఆవిడ.